గుడ్డు పెంకుల డ్రమ్ము

మార్చి 3

బేకరీ అతను ఇంకో రెండు గోనెసంచుల గుడ్డు పెంకులు దించిపోయాడు. తడి పెంకులు. ఎండలో పరవడానికి బద్ధకించి మెట్ల కిందకి తోశాను. సాయంత్రానికి ఇల్లంతా ఒకటే కంపు. అక్క ముక్కు మూసుకుని మెట్లు దిగుతూ, చదువుకున్నవాళ్లు ఇంటికి జీతాలు తెస్తారు, మా చెల్లెలు పెంకులు తెస్తుంది అంది. బావ మాత్రం మరదలు ఏం చేసినా లోకకల్యాణానికే అని వెనకేసుకొచ్చాడు. ఆయన వెనకేసుకొచ్చాడంటే పడుకునేదాకా ఏడిపిస్తాడని అర్థం. ఏడిపించాడు.

నెలాఖరుకి మా ప్రాజెక్ట్ చూడ్డానికి కమిటీ వస్తోంది. వాళ్లకి చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాలి, ఇంట్లో ప్రాక్టీస్ చెయ్యి అని ల్యాబు మేడమ్ ఆర్డర్. అక్క ముందు చేస్తే నవ్వుతుంది. ఇక్కడ చేస్తా.

కింద మా బావ లాండ్రీ. హోటళ్ల దుప్పట్లు, హాస్పిటల్ దుప్పట్లు. ఆ సబ్బు నీళ్లు వెనక పైపులోంచి కుంటలోకి పోతాయి. సబ్బులో ఫాస్ఫేట్ ఉంటుంది. నాచుకి అది విందు భోజనం. తిని బలిసి కుంటంతా కమ్ముకుంటుంది, తర్వాత కుళ్లుతుంది, చేపలకి ఊపిరాడదు. గుడ్డు పెంకుల్ని కాల్చి డ్రమ్ములో నింపి, సబ్బు నీళ్లని దాని గుండా పంపితే ఫాస్ఫేట్ పెంకులకి పట్టుకుపోతుంది. పెంకులు ఫ్రీ. డ్రమ్ము బావది. అయిపోయింది ప్రాజెక్ట్. ఇప్పుడు కాలేజీ ల్యాబులో నా కాంట్రాక్ట్ ఉద్యోగం దీని మీదే. అదీ కమిటీ తలూపితేనే కొనసాగుతుంది.

బాగానే చెప్పినట్టున్నాను. కమిటీ ముందు నోరు పెగిలితే చాలు.

మార్చి 9

టెస్ట్ చేశాను. మందు కలిపితే నీళ్లు ఎంత నీలంగా మారితే అంత ఫాస్ఫేట్ ఉన్నట్టు. డ్రమ్ములోకి పోయే నీళ్లు ముదురు నీలం. బయటికొచ్చేవి లేత నీలం. సుమారు సగం పోయింది. బావ రెండు గాజు గొట్టాల్నీ వెలుతురుకి పెట్టి చూసి, మేము బట్టలు తెల్లబడ్డానికి నీలం పెడతాం, నువ్వు మురికి పట్టుకోడానికి నీలం పెడతావు, మనిద్దరిదీ ఒకటే వ్యాపారం మరదలా అన్నాడు.

టైగర్ బాబాయి డ్రమ్ము మూత ఎత్తి, పిల్లలెప్పుడు బయటికొస్తాయమ్మా అని అడిగాడు. పొద్దుణ్ణుంచి అదే జోకు, మనిషి మారినప్పుడల్లా మళ్లీ వేస్తున్నాడు. బావ వాళ్ల నాన్న హయాం నుంచీ లాండ్రీలో ఉన్న మనిషి. వీధికుక్క మొరిగితే మా వెనక నక్కుతాడు కాబట్టి టైగర్. మరకల దుప్పట్లకి బ్లీచ్ పెట్టేది ఆయనొక్కడే. బ్లీచ్ నీళ్లు మాత్రం కుంటలోకి పోకూడదు, ప్రహరీ పక్కనున్న ఇంకుడు గుంతలోకి పోవాలి. దానికో వాల్వ్ ఉంది. బాబాయి వాల్వ్ తిప్పి, దాన్ని రెండుసార్లు చేత్తో తట్టి వస్తాడు, ఆవుని తట్టినట్టు.

కుంటని కౌలుకి తీసుకుని చేపలు పెంచుతున్న ఆయనా, ఆయన భార్యా వచ్చి చూసి వెళ్లారు. పోయినేడు నాచు కుళ్లి సగం చేపలు పోయాయిట. ఈసారి వచ్చే నెలలో వల వెయ్యాలి, నీ డ్రమ్ము మీదే మా ఆశ అంది చేపలావిడ. పొంగిపోయాను. సాయంత్రం దాకా ఈల వేస్తూనే ఉన్నానని అక్క కంప్లయింట్.

మార్చి 17

సగం తగ్గిస్తే కమిటీ సగమే నవ్వుతుంది అంది మేడమ్. ఈసారి ల్యాబు ఫర్నేస్‌లో ఎర్రగా కాల్చమంది. అంత వేడికి పెంకు సున్నం అయిపోతుంది, ఫాస్ఫేట్‌ని వదిలిపెట్టదు. కానీ సున్నం సున్నమే. చేతులే కాలతాయి, ఇక చేపల సంగతి చెప్పాలా. అందుకని కాల్చాక నీళ్లు మార్చి మార్చి నానబెట్టాలి. పీహెచ్, అంటే ఘాటు కొలత, తొమ్మిదికి దిగేదాకా డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్లకు అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. తనేమో మీటింగులని ఊరెళ్తోంది.

నాకు తెలీదా? పదేళ్లుగా ఈ ల్యాబులో గాజు సామాను తోముతున్నాను. చిరాకేసింది. తలూపాను.

మార్చి 21

పీహెచ్ మీటర్ పాడైంది.

కాదు. పాడు చేశాను. దాని ఎలక్ట్రోడ్ చివర చిన్న గాజు బుడగ ఉంటుంది. అది ఎండకూడదు. పని అయ్యాక మందు నీళ్లు నింపిన టోపీ తొడిగి పెట్టాలి. ల్యాబులో చేరిన మొదటి రోజు నేర్పేది అదే. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ నేనే వేలు ఊపుతూ నేర్పుతాను. శుక్రవారం ఎవరో పిలిస్తే వెళ్లాను. టోపీ బల్ల మీదే ఉంది. ఇవాళ చూస్తే బుడగ మీద తెల్లటి ఉప్పు పొక్కులు. నానబెట్టాను. నిమ్మరసంలో ముంచితే తొమ్మిది చూపిస్తోంది. మంచినీళ్లలో ముంచినా తొమ్మిదే. మొండిఘటం.

మేడమ్ ముందు ఏం మొహం పెట్టుకుని చెప్పను? పోయినేడు ఇదే పని చేసిన జూనియర్‌ని అందరి ముందూ దులిపేసింది నేనే.

మార్చి 22, మధ్యాహ్నం

మేడమ్ ఫోన్ చేసింది. పెంకుల పీహెచ్ ఎంతకి దిగిందని అడిగింది. ఎనిమిదిన్నర అన్నాను.

నోట్లోంచి అలా వచ్చేసింది. పోయిన బ్యాచ్‌ది ఎనిమిదిన్నర, అది నాలుక మీదే ఉన్నట్టుంది. గుడ్, లోడ్ చేసెయ్ అంది. చేస్తాను మేడమ్ అన్నాను.

మార్చి 22, సాయంత్రం

ఇంకోటి కూడా రాయాలి. డ్రాయర్‌లో పీహెచ్ పేపర్లు ఉన్నాయి. మీటర్‌తో పని లేకుండా ముంచి చూసుకునేవి. మర్చిపోయి కాదు వాడనిది. ముంచితే ఎక్కువని తేలుతుందేమో, తేలితే ఇంకా నానబెట్టాలి, ఈలోపు కమిటీ వచ్చేస్తుంది. డ్రాయర్ తెరిచి, కత్తెర తీసుకుని, మూసేశాను. కత్తెరతో నాకేం పని లేదు.

అయినా ఎన్నిసార్లు నీళ్లు మార్చాను! దిగే ఉంటుందిలే.

మార్చి 24

నీలం లేదు!

నిన్న కొత్త పెంకులు డ్రమ్ములో నింపాను. ఇవాళ మందు కలిపి పావుగంట నిలబడ్డాను. డ్రమ్ములోంచి వచ్చిన నీళ్లు అలాగే ఉన్నాయి, గ్లాసులో తాగే నీళ్లలా. ఫాస్ఫేట్ ఉన్నట్టే తెలీడం లేదు. మళ్లీ చేశాను. మళ్లీ లేదు. ఫోటో తీసి మేడమ్‌కి పంపిస్తే చప్పట్ల బొమ్మలు వరసగా పెట్టింది. బావ లాండ్రీలో అందరికీ టీ తెప్పించాడు. మా మరదలు సామాన్యురాలు కాదు అని టైగర్ బాబాయి చెవిలో అరిచి మరీ చెప్పాడు. బాబాయి నా తల మీద చెయ్యి పెట్టాడు. చేతికి బ్లీచ్ వాసన.

మార్చి 26, పొద్దున

చేపలు చచ్చిపోయాయి.

కిందనుంచి కేకలు వినిపిస్తే బ్రష్ నోట్లో పెట్టుకునే పరిగెత్తాను. ఎండలకి కుంట అసలే సగానికి తగ్గి ఉంది. మా పైపు కలిసే మూల నుంచి అవతలి గట్టు దాకా తెల్లటి పొట్టలు. కొన్ని ఇంకా నోరు తెరిచి మూస్తున్నాయి. చేపలాయన మోకాళ్ల లోతులో నిలబడి ఒక్కోదాన్నీ చేత్తో ఎత్తి చూసి వదిలేస్తున్నాడు. చేపలావిడ గట్టు మీద కూర్చుని ఏడుస్తోంది. మధ్య మధ్యలో ఆపి, ఏమండీ అది కదుల్తోంది చూడండి, అది చూడండి అని వేలు చూపిస్తోంది. ఆయన అటు వెళ్తున్నాడు. వెళ్లేసరికి అదీ ఆగిపోతోంది.

బ్రష్ ఎక్కడ పడేశానో తెలీదు.

మార్చి 26, సాయంత్రం

మా లాండ్రీ వాళ్లే బ్లీచ్ వదిలారని గట్టు మీద ఎవరో అన్నారు. అంతే, అందరూ అదే మాట. మేము వదల్లేదు అని బావ గట్టిగానే అన్నాడు. అని, వెనక్కి తిరిగి టైగర్ బాబాయి వంక చూశాడు. నిన్న సాయంత్రం వాల్వ్ తిప్పావా అని అడిగాడు. తిప్పాను బాబూ అన్నాడు బాబాయి. ఖాయంగా తిప్పావా అన్నాడు బావ. తిప్పే ఉంటాను అన్నాడు. మూడోసారి అడిగితే వాల్వ్ వైపు తిరిగి చూశాడు.

చేపలావిడ కుంట నీళ్లు ఒక సీసాలో మూతిదాకా నింపి పట్టుకొచ్చింది. నా చేతిలో పెట్టి, నువ్వు చదువుకున్నదానివి, మీ బావ అని చూడకు, ఇందులో ఏముందో ఉన్నది ఉన్నట్టు చెప్పు అంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది ఆవిడకి.

ల్యాబుకి పట్టుకెళ్లాను. ఈసారి కత్తెర తియ్యలేదు. పేపర్ ముంచాను. ముదురు ఊదా రంగు, అంటే విపరీతమైన ఘాటు. డబ్బా మీదున్న రంగుల్లో చిట్టచివరిదాని పక్కది.

అప్పుడు అంతా అర్థమైంది. బ్లీచ్ లేదు, పాడూ లేదు. నా పెంకులు. నా సున్నం.

తిరిగొచ్చేసరికి చేపల వాళ్లిద్దరూ మా మెట్ల మీదే కూర్చుని ఉన్నారు. ఏం తేలిందని అడిగారు. బ్లీచ్ ఇంతసేపు నీళ్లలో నిలవదు, ఎగిరిపోతుంది, ఇప్పుడు టెస్ట్ చేసినా తెలీదు అన్నాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత నిజంగా నా జన్మలో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఆవిడ మొగుడి వైపు తిరిగి, చూశారా బ్లీచే, ఎగిరిపోయిందిట అంది.

నోరు పడిపోతే బాగుండేది.

మార్చి 27

కమిటీ వచ్చింది. చచ్చిన చేపల్ని పొద్దున్నే గోతిలో పూడ్చేశారు, వాసన మాత్రం ఉంది. లాండ్రీ బ్లీచ్ చేసిన నిర్వాకం, మా డ్రమ్ముకి సంబంధం లేదు అని మేడమ్ వాళ్లకి చెప్పింది. ఆవిడకి నేను చెప్పింది అదే కదా. కమిటీ పెద్దాయన గాజు గొట్టం పట్టుకుని, అద్భుతం, గుడ్డు పెంకులే కదూ అన్నాడు. అవునండీ అన్నాను. చిన్నపిల్లలకి చెప్పినట్టు మొత్తం చెప్పాను. ఎక్కడా తడబడలేదు. సిగ్గులేని మొహం.

మధ్యాహ్నం బావ టైగర్ బాబాయిని రేపట్నుంచి రావద్దన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. వయసైపోయింది బాబాయ్, ఇంట్లో విశ్రాంతి తీసుకో అన్నాడు. బాబాయి సరే బాబూ అని, ఏప్రాన్ విప్పి మడతపెట్టి, మడత సరిగ్గా రాలేదని మళ్లీ విప్పి మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. నన్ను దాటుకునే వెళ్లాడు. నేను మడతపెట్టిన దుప్పట్లని మళ్లీ మడతపెడుతున్నాను.

మార్చి 28

బావకి చెబుదామని రెండుసార్లు కిందకి దిగి, టీ కావాలా అని అడిగి వచ్చేశాను.

ఏప్రిల్ 2

లోడింగ్ మార్చాలని చెప్పి డ్రమ్ములో పెంకులు ఖాళీ చేశాను. ఒక డబ్బాడు మాత్రం దాచాను. ఎందుకో తెలీదు. చేపలావిడ సీసా కూడా మూత బిగించి ఫ్రిజ్‌లో వెనక పెట్టాను. అక్క చూసి, ఇదేంటి అంది. శాంపిల్ అన్నాను. తాగేవాటి పక్కన పెట్టకే మహాతల్లీ అంది.

బావ చేపలాయన నష్టం తను భరిస్తానని ఒప్పుకున్నాడు. రెండు హోటళ్లు బట్టలు పంపడం మానేశాయి. బావ రాత్రిళ్లు సరిగ్గా తినడం లేదు. నా మనిషి చేసిన తప్పు నా తప్పే కదా అన్నాడు అక్కతో. నేను ఎదురుగా కూర్చుని తింటున్నాను. అవునా కాదా మరదలా అని నన్ను అడిగాడు. తల కొట్టేసినట్టయింది. నీళ్ల కోసం లేచినట్టు లేచి వంటగదిలోకి వెళ్లి కొళాయి తిప్పి నిలబడ్డాను.

కాంట్రాక్ట్ ఇంకో రెండేళ్లు పొడిగించారు. ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 6

బాబాయి కూతురు వచ్చింది. టైలరింగ్ చేస్తుంది. ఆయన టిఫిన్ డబ్బా ఇక్కడ ఉండిపోతే తీసుకెళ్లడానికి. బావ లేడు. అక్కతో మాట్లాడుతూ ఉన్నట్టుండి ఏడ్చేసింది. నాన్న మనిషి మనిషిలా లేడు అంది. కొళాయి కట్టేసి, కట్టానా అని పిలిచి అడుగుతాడట. తలుపు గడియ పెట్టి, పెట్టానా అని అడుగుతాడట. టీలో చక్కెర వేసి, వేశానో లేదో తెలీక గ్లాసు పట్టుకుని కూర్చుంటాడట. మొన్న చెప్పాపెట్టకుండా చేపల వాళ్లింటికి వెళ్లి, నేనే వదిలి ఉంటానమ్మా, గుర్తు లేదు, క్షమించండి అని గుమ్మం ముందు చేతులు జోడించాడట. మొన్న మొన్నటిదాకా నేను తిప్పాను, నేను తిప్పాను అనేవాడు, ఇప్పుడు అది కూడా అనడం లేదు అంది.

డబ్బా నేనే కడిగి ఇచ్చాను. అది కడిగే ఉంది.

నేను ఆయన ఉద్యోగం పోగొట్టాననుకున్నాను. అది కాదు పోగొట్టింది.

ఏప్రిల్ 7

చెప్పేశాను.

పొద్దున్నే, అక్కా బావా టీ తాగుతుండగా. బావా, చేపల్ని చంపింది నా పెంకులు, బాబాయి కాదు అన్నాను. మీటర్ సంగతి, ఫోన్ సంగతి, డ్రాయర్ సంగతి, సీసా సంగతి, అన్నీ.

బావ నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు. గుడ్డు పెంకులకి చేపలు చస్తాయా, పిచ్చిదానా అన్నాడు. మా కోసం నెత్తిన వేసుకోకు, నీ ఉద్యోగం పోతుంది అన్నాడు. అక్క లేచి వచ్చి నన్ను పొట్టకి అదుముకుని, నా తల నిమిరి, నా చెల్లెలు బంగారం అని ఏడ్చింది. నేను వదిలించుకుంటున్నకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంది.

సిగ్గుతో చావడం అంటే ఏంటో ఇవాళ తెలిసింది. తిట్టినందుకు కాదు, పొగిడినందుకు.

ఏప్రిల్ 8

చేపల వాళ్లని పిలిచాను. లాండ్రీలో మడతల బల్ల మీద నాలుగు గాజు గ్లాసులు పెట్టాను. ఒకదాంట్లో మెషీన్‌లోంచి వచ్చే ఆఖరి జాడింపు నీళ్లు. ఒకదాంట్లో బ్లీచ్ కలిపిన నీళ్లు. ఒకదాంట్లో దాచిన పెంకులు వేసి కదిపిన నీళ్లు. నాలుగోదాంట్లో ఏమీ పొయ్యలేదు. కూరలో వేసే పసుపు తెచ్చి మిగతా మూడిట్లో ఒక్కో చిటికెడు వేశాను. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుందని లాండ్రీవాడికి నేను చెప్పక్కర్లేదు. ఘాటు ఎంత ఉంటే అంత ఎరుపు.

జాడింపు నీళ్లు పసుపుగానే ఉన్నాయి, కాస్త ముదిరాయి. బ్లీచ్ నీళ్లు ఎర్రబడ్డట్టే ఎర్రబడి, చూస్తుండగానే రంగు తేలిపోయి తెల్లబడ్డాయి. పెంకుల నీళ్లు ఎర్రగా, ఇటుక రంగులో నిలబడ్డాయి.

అప్పుడు ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చాను. ఇది ఆ రోజు మీరు తెచ్చిన నీళ్లే అన్నాను. మూత తీసి నాలుగో గ్లాసులో పోసి, పసుపు వేశాను.

ఎరుపు. తేలిపోలేదు. అలాగే ఉంది.

బావ ఒక గ్లాసు వంకా ఇంకో గ్లాసు వంకా చూస్తూ నిలబడిపోయాడు. చేపలాయన, అంటే డ్రమ్మేనా అన్నాడు. డ్రమ్మే అన్నాను. చేపలావిడ గ్లాసు వంక చూడలేదు, నా వంకే చూస్తోంది. ఈ సీసా నీ చేతిలో పెట్టిన రోజే నీకు తెలుసన్నమాట అంది.

తెలుసు అన్నాను.

ఆవిడ సీసాలో మిగిలిన నీళ్లు తూములో వంపేసింది. కొళాయి కింద సీసా కడిగింది, ఒకటికి రెండుసార్లు. ఇది మా ఇంటి సీసా అని తీసుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్ 8, సాయంత్రం

బావ తిన్నావా అని అడిగాడు. మరదలా అనలేదు.

ఏప్రిల్ 10

మేడమ్‌కి ఎదురుగా కూర్చుని చెప్పాను. అంతా వింది. తర్వాత లేచి, తన బీరువా తీసి, అట్టపెట్టె ఒకటి బల్ల మీద పెట్టింది. కొత్త ఎలక్ట్రోడ్. సీలు కూడా తియ్యలేదు. అడిగితే ఇచ్చేదాన్నిగా అంది.

కోప్పడింది తర్వాత. అది మామూలు కోపమే. కమిటీకి తనే రాసి ఆ రిజల్ట్ వెనక్కి తీసుకుంటానంది. నా కాంట్రాక్ట్ ఇక లేదు. ఇవేవీ గుచ్చుకోలేదు. ఆ అట్టపెట్టె మాత్రం కళ్లు మూసుకుంటే కనిపిస్తోంది.

ఏప్రిల్ 11

బావా నేనూ టైగర్ బాబాయి ఇంటికి వెళ్లాం. దారంతా బావ నా కంటే నాలుగడుగులు ముందే నడిచాడు. ఒక్క గది ఇల్లు, సగం కుట్టు మెషీనే. బాబాయి కంగారుపడి కుర్చీ తుడిచాడు. బావ కూర్చోలేదు. తప్పు నాది బాబాయ్, నిన్ను అనుమానించాను, రేపట్నుంచి వచ్చెయ్ అన్నాడు. అని గుమ్మం బయటికి వెళ్లి నిలబడ్డాడు.

మిగతాది నేను చెప్పాలి కదా. నేల మీద కూర్చుని చెప్పాను. చేపలు నీ వల్ల చావలేదు బాబాయ్, నా వల్ల చచ్చాయి, నాకు తెలిసీ నోరు మూసుకున్నాను అన్నాను. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నాడు. ఛ ఛ, ఆడపిల్లవి, ఏంటమ్మా ఇది అన్నాడు. కూతురు మాత్రం నా వంక ఎలా చూసిందో నేను రాయలేను. ఆ చూపు నాకు న్యాయమే.

అప్పుడు అడిగాడు. సరేనమ్మా, చేపలు పెంకుల వల్లే పోయాయి. మరి ఆ రోజు నేను వాల్వ్ తిప్పానా, లేదా?

తిప్పావు బాబాయ్ అన్నాను. నువ్వు చూశావా అన్నాడు.

చూడలేదు. ఎవ్వరూ చూడలేదు. ఆ వాల్వ్‌ని తర్వాత ఎంతమంది ఎన్నిసార్లు తిప్పారో. ఇంకో అబద్ధం ఆడితే ఆయనకి నిద్ర పట్టేది. నాలుక చివరిదాకా వచ్చింది. చూడలేదు బాబాయ్ అన్నాను. ఆయన తలూపి, అదే మరి అన్నాడు.

ఏప్రిల్ 19

వారం తర్వాత బాబాయి పనిలోకి వచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బావ ఆయన పాత ఏప్రాన్ ఇస్త్రీ చేయించి ఉంచాడు. గట్టు మీద ఆ రోజు మాట అన్న అందరికీ బావే ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాడు, నా పేరుతో సహా. చెప్పమంది నేనే. బజార్లో నడుస్తుంటే ఇప్పుడు నన్ను చూపించి మాట్లాడుకుంటారు. అలవాటవుతోంది అని రాద్దామనుకున్నాను. కాలేదు.

నేను కింద మడతల బల్ల దగ్గర చేరాను. జీతం నేరుగా చేపల వాళ్లకి వెళ్తుంది. అక్క ఒప్పుకోనంటే బావ, పోనీలే, దాని మనసుకి అదే మంచిది అన్నాడట. దాని, అన్నాడట, ఇంట్లో పిల్లని అన్నట్టు. ఆ ఒక్క మాటకి రోజంతా కాస్త ప్రాణం లేచి వచ్చింది.

ఏప్రిల్ 30

మేడమ్ స్వయంగా చేపలావిడ ఇంటికి వెళ్లి, పెంకులు సరిగ్గా నానబెట్టి, బంకమట్టితో కలిపి ఉండలు చేసి, డ్రమ్ము మళ్లీ పెడతామని అడిగిందట. పెట్టకపోతే నాచు ఎలాగూ వస్తుంది. చేపలావిడ ఒక షరతు పెట్టిందట. ఆ రంగు పేపర్ల డబ్బా నా దగ్గరే ఉండాలి, రోజూ పొద్దున్నే నేనే ముంచి చూసుకుంటాను, ఎవరి నోటి మాటా నాకు అక్కర్లేదు అందట.

పొద్దున కిటికీలోంచి చూశాను. పైపు దగ్గర గొంతుక్కూర్చుని, పేపర్ ముంచి, డబ్బా మీది రంగుల పక్కన పెట్టి, ఎండకి తిప్పి, మళ్లీ చూసింది. నన్ను చూసి తల తిప్పుకుంది.

మే 6

బాబాయి బ్లీచ్ పెట్టి, వాల్వ్ దగ్గరికెళ్లి నన్ను పిలిచాడు. ఇప్పుడు రోజూ పిలుస్తాడు. తిప్పాడు. తట్టలేదు, తట్టడం మానేశాడు. ఎటు ఉందో చూసి చెప్పమ్మా అన్నాడు. వంగి చూశాను. ఇంకుడు గుంత వైపే ఉంది బాబాయ్ అన్నాను.

నిజమేనా అని అడిగాడు.